ఛార్జి ఎంత?

ఆ రోజుల్లో శంషాబాద్‌లో రెండు రకాల మనుషులుండేవారు, ప్లాటు కొన్నవాళ్ళు, ప్లాటు అమ్మేవాళ్ళు. నేను మూడో రకం. కొత్త విమానాశ్రయం వచ్చి, ఆరాంఘర్ దాటిన దగ్గర్నుంచి రోడ్డుకు రెండు పక్కలా వెంచర్ల జెండాలు రెపరెపలాడుతున్న కాలంలో, చేతిలో ఎం.టెక్. పట్టా, చంకలో టిఫిన్ డబ్బా పెట్టుకుని, గోదావరి జిల్లా నుంచి ఊడిపడి, అక్కడొక ఇంజనీరింగ్ కాలేజీలో లెక్చరర్‌గా చేరాను. కాలేజీ రోడ్డుకు బాగా లోపల ఉండేది. నెత్తిమీద విమానాలు, గోడ అవతల జొన్నచేలు. విమానం వచ్చినప్పుడల్లా పాఠం ఆపి, అది పోయాక "మనం ఎక్కడున్నాం?" అని అడిగేదాన్ని. వెనక బెంచీ నుంచి "శంషాబాద్‌ల ఉన్నం మేడం" అని జవాబొచ్చేది. అప్పటికి నాకు ఇరవయ్యారేళ్ళు. లోకంలో నాకు తెలియనిది చాలా తక్కువని గట్టి నమ్మకం. ఆ నమ్మకం ఇప్పుడెక్కడైనా దొరికితే కొంచెం తెచ్చుకుందామనిపిస్తుంది.

మా చైర్మన్ గారు కోళ్ళఫారంతో మొదలుపెట్టి, భూములు కొని అమ్మి, చివరికి పుణ్యానికో పేరుకో కాలేజీ పెట్టిన మనిషి. ఎప్పుడూ ఇస్త్రీ మడత నలగని తెల్లబట్టల్లో ఉండేవారు. ఏదో పెళ్ళిలో భోజనాల దగ్గర పక్కన కూర్చున్నాయన "ఇకమీదట లోకమంతా కరెంటు బండ్లే" అన్నాడట. మర్నాడు పొద్దున్నే నాకు పిలుపొచ్చింది.

"ఏమమ్మా, నువ్వు మోటార్ల పాఠమే గద చెప్పేది?"

"అవునండి, ఎలక్ట్రికల్ మెషీన్స్ చెబుతాను."

"అయితే విను. వచ్చే కాలమంత కరెంటు బండ్లదేనంట. మన పిల్లలను గా నౌకర్లకు తయారు చెయ్యి. పాత బెంచీలేసిన అర్ర ఉంది గద, గది నీకిచ్చిన. ఇయ్యాల్టి సంది దానికి నువ్వే ఇన్‌ఛార్జి."

ఛార్జి అనే మాటతో నా కష్టాలు ఆ క్షణాన మొదలయ్యాయి. నిజం చెప్పాలంటే అప్పటికి నేను కరెంటు బండిని దగ్గరగా చూసింది ఒక్కసారే, రైల్వేస్టేషన్లో ముసలివాళ్ళను ప్లాట్‌ఫారం మీద తిప్పే బండి. అయినా ఫైనలియర్ పిల్లల ముందు నిలబడి, పెట్రోలు యుగం ముగిసింది, భవిష్యత్తు మిమ్మల్ని పిలుస్తోంది అంటూ గొంతు పోయేలా ఉపన్యాసమిచ్చాను. ఆ గదిలో నాతో బండి పని చెయ్యడానికి ఆరుగురు చేరారు. నా మాటలకు కరిగిపోయి చేరారనుకుని రెండు వారాలు గర్వంగా తిరిగాను. (ఆ గదికి వెనక తలుపుందనీ, అందులోంచి క్యాంటీన్ రెండంగల్లో ఉంటుందనీ తర్వాత తెలిసింది.)

ఆ ఆరుగురిలో ఇద్దరి గురించి చెప్పాలి. ఒకడు ఫ్యూజు. ముట్టుకున్నదల్లా కాల్చేవాడు కాబట్టి ఆ పేరు. కాలిపోయాక మాత్రం అది ఎందుకు కాలిందో తేలేదాకా అన్నానికి లేచేవాడు కాదు. ఇంగ్లీషులో అడిగితే చెమటలు పట్టి నేల చూపులు చూసేవాడు. రెండోది డిక్షనరీ. పహాడీ షరీఫ్ దగ్గర నుంచి రెండు బస్సులు మారి వచ్చేది, ఇంగ్లీషు, ఉర్దూ, తెలుగు మూడింట్లోనూ తడుముకోకుండా మాట్లాడేది, గీత గీస్తే స్కేలు పెట్టి గీసినట్టుండేది. ఫ్యూజు వాళ్ళ నాన్న విమానాశ్రయం దారిలో క్యాబ్ నడిపేవాడు. ఆయనకు జీవితంలో ఒకటే పట్టుదల, కొడుకు బండి ముట్టుకోకూడదు. ఏసీ గదిలో కంప్యూటర్ ముందు కూర్చోవాలి. ఇంట్లో స్కూటరు తుడవడానికి కూడా గుడ్డ ఇచ్చేవాడు కాదట. అలాంటి తండ్రికి మా ఫ్యూజు "కాలేజీల ప్రాజెక్ట్ చేస్తున్న" అని మాత్రమే చెప్పాడు. ఆ ప్రాజెక్టుకు మూడు చక్రాలున్న సంగతి చెప్పలేదు.

చైర్మన్ గారు ఎక్కడో పాతసామాన్ల దగ్గర ఒక ఆటో కొని తెచ్చారు. దాని ఇంజన్ పీకేసి, మోటారు పెట్టి, సీటు కింద నాలుగు పెద్ద బ్యాటరీలు కూర్చోబెట్టడానికి మాకు ఒక సెమిస్టరంతా పట్టింది. (రిజిస్ట్రేషన్ సంగతి అడగకండి. "పాత నంబరు ఉండనే ఉంది గద" అన్నారు చైర్మన్ గారు.) అన్నీ కుదిరాక కరెంటు కుదరలేదు. ఆ ఏడు కోతలు ఎలా ఉండేవో అప్పటివాళ్ళను అడగండి. కరెంటు ఉన్నప్పుడు పాఠాలుండేవి, పాఠాలు లేనప్పుడు కరెంటు ఉండేది కాదు. చివరికి డీజిల్ జనరేటర్ వేయించి కరెంటు బండికి ఛార్జింగ్ పెట్టాను. పొగ కక్కుతున్న ఆ జనరేటర్ పక్కనే నిలబడి, పర్యావరణానికి మన బండి చేసే మేలు గురించి పాఠం చెప్పాను కూడా. పిల్లలు బుద్ధిగా దగ్గుతూ రాసుకున్నారు.

మొదటిసారి బండి కదిలిన రోజు వాచ్‌మన్ గేటు దగ్గర కుర్చీలో కునుకు తీస్తున్నాడు. బండి వెళ్ళి ఆయన మోకాలికి ముక్కు ఆనించి ఆగింది. ఆయన కళ్ళు తెరిచి, ముందు బండిని, తర్వాత నన్ను చూసి, "ఇది ఎట్లొచ్చింది మేడం? సప్పుడే గాలే" అన్నాడు. అంతకంటే మంచి సర్టిఫికెట్టు ఉంటుందా అని మేమంతా చప్పట్లు కొట్టాం. ఆయన మాత్రం ఆ తర్వాత కుర్చీని గోడ వెనక్కి మార్చుకున్నాడు.

సంక్రాంతి సెలవులయ్యాక చైర్మన్ గారు మళ్ళీ పిలిచారు. బెంగళూరులో బ్యాటరీ స్కూటర్లు తయారుచేసే కంపెనీ ఒకటుందనీ, అక్కడి ఇంజనీరు ఒకాయన మన బండి చూసి పిల్లల్ని పరీక్షిస్తాడనీ చెప్పారు. అంతవరకూ బాగానే ఉంది. ఆ తర్వాతే, "ఆరుగుర్ల ఒక్కరినన్న తీసుకుంటేనే వచ్చే ఏడు నీ అర్ర నీకుంటది. లేకుంటే క్యాంటీనోళ్ళు స్టోరుకు అడుగుతున్నరు" అన్నారు. పెట్రోలు యుగం ముగిసిందని ఊరంతా చాటి, ఆ గదిలో ఉల్లిపాయ బస్తాలు దొర్లుతుంటే చూడాలా? పైగా ఫ్యూజుకు అప్పటికే వాళ్ళ నాన్న అమీర్‌పేటలో కంప్యూటర్ కోర్సుకు మాట్లాడి పెట్టాడు. ఈ ఇంజనీరు తీసుకోకపోతే వాడి బ్యాటరీ చదువు అక్కడితో సరి.

వచ్చే పెద్దమనిషి మెయిల్లో రెండే ముక్కలు రాశాడు. పది గంటలకు 'సైట్ విజిట్'కి వస్తున్నాను, ఎయిర్‌పోర్టు బస్సులో శంషాబాద్ చౌరస్తాలో దిగుతాను, తెల్లచొక్కా, నల్లబ్యాగు అని. (ఆ చౌరస్తాలో పది గంటలకు తెల్లచొక్కా, నల్లబ్యాగు లేనివాడెవడో వెతకాలి.) చైర్మన్ గారు కారు పంపుతామన్నారు. నేనే పట్టుబట్టి మన ఆటోనే పంపాలన్నాను. బండి ఫ్యూజు నడుపుతాడు, స్వాగతం డిక్షనరీ చెబుతుంది. ఇద్దరికీ వారం రోజులు నూరిపోశాను. "ఆయన ఏది అడిగినా అంకెతో సహా జవాబు చెప్పాలి. నసగకూడదు. ఈ రంగంలో మనిషి కనుక మొదటి ప్రశ్న ఛార్జి గురించే ఉంటుంది. ఆ ప్రశ్న అడిగినవాడే మన అతిథి అని గుర్తుపట్టండి" అన్నాను. ఆ చివరి వాక్యం ఎందుకన్నానో ఇప్పటికీ నాకు అర్థం కాదు.

చౌరస్తాలో ఏం జరిగిందో ఇద్దరూ తర్వాత తలా కాస్త చెప్పారు. వీళ్ళు ఆటో పక్కన నిలబడగానే తెల్లచొక్కా వేసుకున్న ఒక పెద్దాయన నల్లబ్యాగు ఊపుకుంటూ తిన్నగా వచ్చి అడిగాడట.

"తమ్మీ, ఛార్జి ఎంత?"

ఫ్యూజుకు ఒళ్ళు పులకరించింది. నిటారుగా నిలబడి, "నూటికి నూరు సార్" అన్నాడు.

"నూరా? నూరు ఎక్కువ గాదా?"

"ఎక్కువ గాదు సార్. నూరు అయినంక దానంతటదే ఆగిపోతది."

పెద్దాయన ఇంకేదో అనబోయేలోపు డిక్షనరీ చేతులు జోడించింది. "సార్, మీకోసమే వచ్చినం. సైట్ కాడ అందరు ఎదురు చూస్తున్నరు" అంది. మెయిల్లో సైట్ విజిట్ అని ఉంది కదా, అందుకని. పెద్దాయన మొహం విప్పారింది. "సైట్ కాడి నుంచి వచ్చిన్రా? ముందుగాల గట్ల చెప్పరాదు. ఫోన్ల గదే అన్నరు, బండి పంపిస్తం, పైసలేం ఉండయి అని" అంటూ ఎక్కి కూర్చున్నాడు. అతిథి మీద గౌరవంతో వీళ్ళిద్దరూ మరి నోరెత్తలేదు. ఆయనే దారంతా అటూ ఇటూ పొలాలు చూస్తూ "ఎంత పెరిగిపాయె, ఎంత పెరిగిపాయె" అనుకుంటూ వచ్చాడట.

కాలేజీలో దండ వేశాం. నిమ్మరసం ఇచ్చాం. హాల్లో కూర్చోబెట్టేసరికి యథావిధిగా కరెంటు పోయింది. ప్రొజెక్టరు లేదు కనుక డిక్షనరీ గీసిన పెద్ద చార్టులు గోడకు తగిలించాం. ఆ పిల్ల ఇంగ్లీషులో మొదలుపెట్టగానే పెద్దాయన చెయ్యెత్తాడు. "బిడ్డా, జర తెలుగుల చెప్పు. ముందుగాల లేఅవుట్ చూపియ్యి" అన్నాడు. నా కళ్ళు చెమర్చాయి. ఎంత పెద్ద ఇంజనీరు, ఎంత సింపుల్‌గా, పల్లె మాటలో అడుగుతున్నాడు, అదీ తిన్నగా లేఅవుట్. వైరింగ్ లేఅవుట్ ఉన్న చార్టు విప్పించాను. ఆయన కళ్ళజోడు పెట్టుకుని దగ్గరికెళ్ళి వేలితో గీతల వెంట నడిచాడు.

"గీ ఎర్రయి పెద్ద రోడ్లా?"

ఉపమానం అనుకున్నాడు ఫ్యూజు. "అవు సార్. పెద్ద కరెంటంత గా తొవ్వలనే పోతది. నల్లయి మళ్ళొచ్చే తొవ్వ."

"అంటే వన్‌వేనా?"

"వన్‌వేనే సార్, డీసీ కరెంటు గద."

పెద్దాయన తల ఊపాడు, అంత సంతృప్తిగా కాదు. "అప్రూవల్ అయ్యిందా?" అన్నాడు నావైపు తిరిగి. "ఇంకా లేదండి, అంతా పూర్తయ్యాక అప్లై చేద్దామని" అని నసిగాను. "అప్రూవల్ లేకుంట ఎట్ల తీసుకుంటరమ్మా ఎవరన్న?" అన్నాడు. ఆ మాట గబగబా రాసుకున్నాను. తర్వాత "నీళ్ళ సంగతేంది?" అన్నాడు. బ్యాటరీల్లో పోసే నీళ్ళ గురించి ఫ్యూజుకు తెలియనిదేముంది? "నెలకోసారి పోస్తే సాలు సార్" అన్నాడు. పెద్దాయన అదిరిపడ్డాడు. "నెలకోసారా?" "ఎండకాలమైతే రెండుసార్లు సార్" అని ధైర్యం చెప్పాడు ఫ్యూజు. పెద్దాయన మమ్మల్నందరినీ జాలిగా చూసి, గ్లాసులో మిగిలిన నిమ్మరసం జాగ్రత్తగా తాగి, అసలు ప్రశ్న వేశాడు.

"మరి భూమి ఏడుంది?"

ఎర్తింగ్ అనే మాటను ఎంత చక్కగా తెలుగు చేశాడని నేను మురిసిపోతుండగానే ఫ్యూజు ఠకీమని చెప్పాడు. "బాడీకే కలిపినం సార్."

పెద్దాయన కళ్ళజోడు తీసి జేబులో పెట్టుకున్నాడు. సరిగ్గా అప్పుడు చైర్మన్ గారు గుమ్మంలో అడుగు పెట్టారు. అందరం లేచి నిలబడ్డాం. పెద్దాయనకు ప్రాణం లేచొచ్చినట్టయింది, ఓనరు వచ్చాడని. "అన్నా, గీ పిల్లలతోని ఐతలేదు. నువ్వు సీదా చెప్పు. గజమెంత?" అన్నాడు.

గజం అన్న మాట చెవిన పడ్డాక గానీ నాకు బుర్ర వెలగలేదు. దండలో ఉన్న మనిషి మా ఇంజనీరు కాడు. షాద్‌నగర్ అవతలి పల్లె నుంచి ప్లాటు చూసుకుందామని వచ్చిన రైతు. చౌరస్తాలో నిలబడితే బండి పంపిస్తామని ప్లాట్ల కంపెనీవాళ్ళు చెబితే నిలబడ్డాడు. "అందరు కూల్‌డ్రింకు ఇస్తరు గని, దండ ఎయ్యంగ నేనేడ జూడలే. పెద్ద కంపెనీ అనుకున్న" అన్నాడు తర్వాత. నాకు భూమి (ఎర్తింగ్ కాదు, నిజం భూమి) రెండుగా చీలితే బాగుండనిపించింది. డిక్షనరీ నోటికి చున్నీ అడ్డం పెట్టుకుని కిందికి వంగిపోయింది. ఏడుస్తోందనుకుని వీపు నిమిరాను. నవ్వుతోంది.

చైర్మన్ గారు మాత్రం రెప్ప వెయ్యలేదు. "వచ్చిన మనిషిని ఉత్తగ పంపుడెందుకు? గుట్ట కాడ నాదే కొంత జాగ ఉంది, పా చూపిస్త" అని పెద్దాయన భుజం మీద చెయ్యి వేసి, మా ఆటోలోనే ఎక్కించుకుని, ఫ్యూజును నడపమని బయల్దేరారు. అది మిట్టమీదికి పోయే బండ్ల బాట అనీ, వాళ్ళిద్దరి బరువూ ఇంతింత కాదనీ అరిచి చెప్పేలోపే చప్పుడు లేని మా బండి గేటు దాటిపోయింది.

అప్పుడు గుర్తొచ్చింది ఫోను. అతిథి ముందు మోగితే అమర్యాదని పొద్దున్నే ఆపేసి పెట్టాను. తెరిచేసరికి వరసగా మిస్డ్ కాల్స్. వెనక్కి చేస్తే ఎత్తినాయన చాలా నెమ్మదిగా, "మేడమ్, నేనిప్పుడు ఒక చింతచెట్టు కింద ఉన్నాను. నాకు తూర్పు ఫేసింగ్ కావాలా, ఉత్తరం ఫేసింగ్ కావాలా అని అడుగుతున్నారు. మీ కాలేజీ ఎంత దూరం?" అన్నాడు. ఏం జరిగిందో వేరే చెప్పాలా? చౌరస్తాలో ప్లాట్ల కంపెనీ జీపు కుర్రాళ్ళు "సైట్ విజిటేనా సార్?" అని అడిగారట. ఈయన అవునన్నాడు. మంచి కుర్రాళ్ళు, సంగతి తెలిశాక వాళ్ళే తెచ్చి మా గేటు ముందు దింపారు. దిగినాయనకు నా అంచనా ప్రకారం బట్టతల, గాంభీర్యం ఉండాలి. సన్నగా, నా కంటే నాలుగైదేళ్ళు పెద్దవాడిలా ఉన్నాడు. నెత్తిమీద వెంచర్ పేరున్న పసుపుపచ్చ టోపీ, చేతిలో రంగుల కాగితం. కరచాలనం చేద్దామా, నమస్కారం పెడదామా అని నేను తేల్చుకోకముందే గేటు అవతల దుమ్ము లేచింది.

మా బండి వస్తోంది. దానంతటది కాదు. ముందు హ్యాండిల్ దగ్గర ఫ్యూజు, వెనక తెల్లబట్టలు ఎర్రబారి చైర్మన్ గారు, పక్కన మెడలో దండతోనే రైతు పెద్దాయన. ముగ్గురూ తోసుకొస్తున్నారు. గుట్ట ఎక్కడం ఎక్కింది గానీ దిగేసరికి బ్యాటరీలు చేతులెత్తేశాయి. మళ్ళీ ఛార్జింగ్ పెడదామంటే కరెంటు లేదు. జనరేటరు ఆ వారమే మంచాన పడింది. ఏడాది చాకిరీ, ఆరుగురి ఆశ, నా గది, అన్నీ ఆ కదలని బండితో పాటు పోర్టికోలో ఆగిపోయాయి. ఎంత ఆపుకుందామన్నా కళ్ళనీళ్ళు ఆగలేదు. దుమ్ము పడిందని అందరికీ చెప్పాను.

చాలదన్నట్టు అదే సమయానికి ఒక తెల్ల క్యాబ్ దూసుకొచ్చి ఆటో పక్కన ఆగింది. ఫ్యూజు వాళ్ళ నాన్న. దిగీ దిగగానే కొడుకు మీదికి పోయాడు.

"పొద్దుగాల చౌరస్తా కాడ మా దోస్తు చూసి ఫోన్ జేసిండు. నీ కొడుకు ఆటో తోలుతుండు, గిరాకీని ఎక్కించుకొని పోతుండు అని. నేను నమ్మలే. ఏందిరా ఇది? నేను స్టీరింగ్ పట్టిందే నువ్వు పట్టొద్దని. గిందుకా నిన్ను సదివించింది?"

నేను అడ్డం వెళ్ళాను. "అయ్యా, మీరు పొరబడ్డారండి. అది ఆటో కాదు. విద్యుత్ వాహన పరిశోధన వేదిక."

ఆయన మూడు చక్రాలనూ వరసగా చూసి, నన్ను చూసి, "మేడం, ఎన్నో ఏండ్ల సంది రోడ్డు మీదనే ఉన్న. ఆటోనో కాదో నాకు తెల్వదా?" అన్నాడు. ఎంత మర్యాదగా అన్నాడంటే నేను వెనక్కి వచ్చేశాను.

ఫ్యూజు చాలాసేపు నేల చూశాడు. ఇక అయిపోయిందనుకున్నాను. వాడు మెల్లగా తలెత్తి, "బాపు, ఆటో అంటివి గద. ఇంజన్ ఏడుందో చూపెట్టు" అన్నాడు.

కోపంలో ఉన్నా ఇంజన్ అనేసరికి ఆయన చెయ్యి అలవాటుగా వెనక మూత మీదికి పోయింది. ఎత్తి చూశాడు. వంగి చూశాడు. మోకాళ్ళ మీద కూర్చుని లోపలికి తల పెట్టి చూశాడు.

"ఏదిరా?"

"గదే."

"గింతనా? బిందెంత లేదు. గేరుబాక్స్ ఏది?"

"లేదు బాపు. క్లచ్చు లేదు, ప్లగ్గు లేదు, ఆయిల్ మార్చుడు లేదు."

"గేర్లు లేకుంట ఎత్తు ఎట్లెక్కుతదిరా?"

"పెట్రోల్ ఇంజన్ గిర్రున తిరిగితెనే దానికి బలమొస్తది. అందుకే నువ్వు ఎత్తు మీద ఫస్ట్ గేరేసి రేస్ చేస్తవు. దీనికి నిలబడ్డకాడనే బలముంటది. పట్టంగనే గుంజుతది."

ఆయన మోటారు మీద అరచెయ్యి ఆనించి చూశాడు. "వేడెక్కదా?"

"ఎక్కుతది. ఒకటి నేనే కాలవెట్టిన. ఎత్తు మీద బ్రేక్ పట్టకుండ యాక్సిలరేటర్ తోనే బండిని నిలవెట్టిన. మోటర్ తిరుగుతలేదు, కరెంటేమో పోతనే ఉంది. ఇగ కాలకుంట ఏమైతది?"

"క్లచ్ మీద బండి నిలవెట్టినట్టే గదరా. నేను కొత్తల గట్లనే ప్లేట్లు కాలవెట్టిన" అన్నాడు తండ్రి. ఆయన గొంతులో కోపం ఎప్పుడు దిగిపోయిందో మాలో ఎవరూ గమనించలేదు. "మరిప్పుడెందుకు ఆగింది?"

"చైర్మన్ సార్‌ను గుట్ట ఎక్కిచ్చినం" అన్నాడు ఫ్యూజు. చైర్మన్ గారు చొక్కా దులుపుకుంటూ అటు తిరిగారు. వాడు సీటు ఎత్తి తండ్రి చెయ్యి పట్టుకుని బ్యాటరీల మీద ఒక్కొక్కదాని మీదా పెట్టించాడు. "మూడు గోరువెచ్చగున్నయి, గిదొక్కటి కాలుతుంది, చూసినవా? ఇది పాతది. నాలుగు ఒకటే వరుసల ఉంటయి. ఒకటి అలిసిపోతే మంచివి గూడ ఆగాలె. దీన్ని మారిస్తే గుట్ట మళ్ళెక్కుతది." ఇంగ్లీషులో రెండు వాక్యాలు కలపలేని మా ఫ్యూజు వాళ్ళ నాన్నకు అలా చెప్పుకుంటూ పోతున్నాడు, ఆయన అడుగుతూ పోతున్నాడు. వానలో తడిస్తే ఏమవుతుంది, దారిలో ఆగితే ఎవరు చూస్తారు, ఎన్నేళ్ళు పనిచేస్తుంది. డిక్షనరీ హాల్లోంచి వైరింగ్ చార్టు తెచ్చి ఆటోకు ఆనించి పెట్టింది. రైతు పెద్దాయన కూడా మధ్యలో తలదూర్చి, "బండి మంచిగనే ఉంది గని, సప్పుడు లేకుంటే బర్రెలు పక్కకు జరగవు" అన్నాడు. ఆ సంగతి మా చార్టుల్లో ఎక్కడా లేదు.

పసుపు టోపీ ఆయన ఎప్పుడు వచ్చి పక్కన మోకాళ్ళ మీద కూర్చున్నాడో తెలియదు. అంతా విన్నాక లేచి, చేతులు దులుపుకుని, "మేడమ్, నేను అడగాలనుకున్నవన్నీ ఈయనే అడిగేశారు. నేనడిగితే మీ అబ్బాయి ఇంత బాగా చెప్పేవాడు కాదేమో. నాకు ఈ అబ్బాయి కావాలి. ఆ చార్టు ఎవరు గీశారో వాళ్ళు కూడా" అన్నాడు. డిక్షనరీ మళ్ళీ చున్నీ నోటికి అడ్డం పెట్టుకుంది. ఈసారి నవ్వు కాదు. వారం రోజులు నేను రాసి బట్టీ పట్టించిన జవాబులు ఒక్కటీ ఎవరికీ పనికిరాలేదు. అయినా అంత సంతోషం నాకు అంతకు ముందెప్పుడూ తెలియదు.

ఫ్యూజు వాళ్ళ నాన్న మాత్రం వెంటనే సంతోషపడలేదు. "సార్, ఒక్కటే మాట. గీ నౌకరిల మావోడు బండి నడపాల్నా?" అని అడిగాడు.

"నడపాలండి. తయారుచేసిన స్కూటర్ని రోడ్డు మీద నడిపి చూడటమే మొదటి పని."

"అంటే ఏసీ రూముల కూసునేది గాదు."

"కాదండి."

ఆయన కొడుకు వైపు చూశాడు. వాడి చేతులకు మోచేతుల దాకా నలుపు. ఆయన జేబులోంచి బండి తుడిచే గుడ్డ తీసి వాడికి అందించి, "హెల్మెట్ మీరే ఇస్తరా సార్?" అన్నాడు.

"ఇస్తాం."

"అయితే సరే" అన్నాడు.

గది నాకు దక్కింది. క్యాంటీన్‌వాళ్ళు ఉల్లిపాయలకు వేరే చోటు చూసుకున్నారు. రైతు పెద్దాయన గుట్ట దగ్గర జాగా కొనలేదు. (నీళ్ళు లేవన్నాడు.) పిల్లలిద్దరూ బెంగళూరు వెళ్ళిపోయాక, ఒక సాయంత్రం ఆరాంఘర్‌లో బస్సు కోసం నిలబడి ఉంటే ఆ తెల్ల క్యాబ్ వచ్చి పక్కన ఆగింది. "ఎక్కున్రి మేడం, అటే పోతున్న" అన్నాడు ఫ్యూజు వాళ్ళ నాన్న. కొడుకు ఎలా ఉన్నాడని అడిగాను. ఆయన అద్దంలోంచి నన్ను చూసి నవ్వాడు.

"మంచిగున్నడు. ఇక్కడ మా దోస్తులందరికి చెప్తున్న, నా కొడుకు బెంగళూర్ల బండి నడుపుతుండు అని."

నాకు చిరాకేసింది. ఎంత చదువు, ఎంత ఉద్యోగం. "అలా చెప్పకూడదండి. డెవలప్‌మెంట్ ఇంజనీర్ అనాలి" అన్నాను.

"గట్లంటే 'ఔనా' అని లేచిపోతరు మేడం. బండి నడుపుతుండు అంటే మాత్రం అయ్యో అని పక్కన కూసుంటరు. గింత సదివించి ఇదేందన్న అని పరేషాన్ అయితరు. చాయ్ గూడ వాళ్ళే చెప్తరు. చాయ్ వచ్చినంక అసలు సంగతి మొదలువెడత. ఆ బండి తయారుచేసేదే నా కొడుకు అని. గేరుబాక్స్ లేదు, క్లచ్చు లేదు అని మొదలువెడితే మళ్ళొక చాయ్ వస్తది."

శంషాబాద్ వచ్చేదాకా ఆయనకు ఆ హోదా ఇంగ్లీషులో నేర్పించాను. ఓపిగ్గా రెండుసార్లు నాతోపాటు పలికాడు కూడా. దిగాక కిటికీలోంచి వంగి, "మర్చిపోకండి, డెవలప్‌మెంట్ ఇంజనీర్" అని మళ్ళీ చెప్పాను. "సరే మేడం" అని తల ఊపి, బండి తిప్పుకుని, నలుగురు డ్రైవర్లు కూర్చుని ఉన్న చాయ్ హోటల్ వైపే పోయాడు. ఆయన దిగుతుండగానే వాళ్ళు బెంచీ మీద జరిగి చోటివ్వడం నాకు రోడ్డు ఇవతలి నుంచి కనిపించింది. నేను వాచీ చూసుకుని, మర్నాటి పాఠానికి తయారవ్వాలని గబగబా ఇంటికి నడిచాను. ఆ ఇరవయ్యారేళ్ళ అమ్మాయికి అన్నీ తెలుసు గానీ, రోడ్డు దాటి వెళ్ళి ఆ బెంచీ చివర కూర్చుని, ఆయన ఆ కథ ఎలా చెబుతాడో వినాలని తోచలేదు. ఇప్పుడైతే ఆ చాయ్‌లు నేనే చెప్పేదాన్ని.